వెస్లీ కత్తిరించి పెట్టిన కవర్లు

రాచర్ల,
ఆగస్టు 4, 2024. ఆదివారం

బుడ్డమ్మీ,

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. నాలుగుసార్లు చేసి మానుకున్నాను. అయిదో తరగతితో ఆగిపోయిన రాత నాది, తప్పులుంటే నవ్వుకో. ఈ పేరు నీకు పెట్టింది నేనే. మా తమ్ముడు శాంతయ్య పెద్దారవీడు నుంచి నిన్ను తెచ్చి నా చేతిలో పెట్టి, "అక్కా, మిరప కోతలయ్యేదాకా సూసుకో" అని పోయినప్పుడు నీకు రెండేళ్లు. చిన్న చెంబు మాదిరి గుండ్రంగా ఉండేదానివి. వెస్లీని చేసుకొని కోడలిగా వచ్చినాక, "అత్తా, నలుగురిలో వందనా అని పిలువు" అన్నావు. పిలిచినాను. కాగితం మీద నలుగురు ఉండరు కదా, అందుకని పాత పేరే రాసినాను.

అక్టోబరు 19కి వెస్లీ పోయి ఏడాది. ఆ రోజు శనివారం వచ్చింది. ఇంటి ముందర జ్ఞాపకార్థ కూటం పెడుతున్నాను. అట్లాంటి కూటాలకు వచ్చినవాళ్లకు అందరూ స్టీలు గిన్నెలు పంచుతారు. నేను గిన్నెలు పంచను. పోయిన నెల వాడి కుట్టుమిషన్ కింద ఊడుస్తుంటే అట్టపెట్టెలో వాడు కత్తిరించి పెట్టిన ముక్కలు దొరికినాయి. ఆటో సీట్లకు కుట్టగా మిగిలిన మెరూన్ రంగు రెక్సిన్. బైబిల్ కవర్లకు కొలత పెట్టి కోసినాడు. జిప్పులు కూడా కొని పెట్టినాడు. ప్రతి ముక్క వెనకాల సుద్దముక్కతో పేరు ఉంది. మగ్దలీనమ్మ, రోజీ, ఇట్ల మన సంఘంలో ఆడవాళ్లవి పది పేర్లు. క్రిస్మస్‌కు ఇద్దామనుకున్నాడేమో, మనకు చెప్పలేదు. వాడి చేత్తో రాసిన అక్షరాలు, తుడిస్తే పోతాయని లోపలివైపు చేయి కూడా తగలనివ్వడం లేదు.

అవి కుట్టి వాడి పేరు మీద ఇవ్వాలని నా ఆశ. కూచున్నాను. ముప్పై ఏళ్లు తొక్కుడు మిషన్ మీద జాకెట్లు కుట్టినదాన్ని, వాడి మోటారు మిషన్ నా మాట వినడం లేదు. ఒక కుట్టు పడుతుంది, రెండు ఎగిరిపోతాయి, మళ్లీ ఒకటి పడుతుంది. మూలల దగ్గర, రెక్సిన్, జిప్పు, లోపలి గుడ్డ అన్నీ కలిసి మందమైన చోట ఐతే దారం పైపైన పొడుగ్గా పడుకుంటుంది, కిందికి దిగదు. గోరు పెట్టి లాగితే చాలు అంతా ఊడి చేతికి వస్తుంది.

హైదరాబాదులో నువ్వు బ్యాగులు కుట్టే కంపెనీలో ఉన్నావంట, మీ నాయన చెప్పినాడు. ఈ కుట్లు ఎందుకు ఎగిరిపోతాయో నీకు తెలిసి ఉంటుంది. నాకు చెప్పడం ఇష్టం లేకపోతే వాడికి చెప్తున్నాననుకొని చెప్పు.

ఇక్కడ వాన లేదు. పక్కింటి యల్లమ్మ మేకలు ముళ్లకంప దాటి వచ్చి నువ్వు పెట్టిన మునగచెట్టు తలకాయ కొరికినాయి. "మేకకేం తెలుస్తాది వదినా, ఎవురు పెట్టిన చెట్టో" అంటుంది యల్లమ్మ. మళ్లీ చిగురు వేసింది.

నీ మేనత్తను నేనే, అత్తనూ నేనే,
సుశీలమ్మ

*

హైదరాబాదు,
ఆగస్టు 14

అత్తకు,

ఉత్తరం అందింది. అడిగినదానికి మాత్రం జవాబు రాస్తున్నాను.

మొదట సూది మార్చు. నువ్వు జాకెట్ల సూదే పెట్టి ఉంటావు. అది రెక్సిన్‌లోకి దిగేటప్పుడు వంగుతుంది, కింద బాబిన్ చుట్టూ తిరిగే షటిల్‌కు దారం అందదు. అందకపోయినప్పుడల్లా ఒక కుట్టు ఎగిరిపోతుంది. గిద్దలూరులో పద్దెనిమిదో నంబరు సూదులు అడుగు. పాతవి మొన చూసుకోకుండా వాడొద్దు. గోటి మీద మెల్లగా గీసినప్పుడు గీత పడితే మొన పాడైనట్టు. దారం కాటన్ వద్దు, నైలాన్ దారం తీసుకో. కుట్టు పొడుగు పెంచు.

ఇంకొకటి. రెక్సిన్ గుడ్డ మాదిరి కాదు. గుడ్డ అయితే కుట్టు విప్పి చేత్తో రుద్దితే చిల్లు మూసుకుంటుంది. రెక్సిన్‌కు సూది ఒక్కసారి దిగితే ఆ చిల్లు ఎప్పటికీ ఉంటుంది. కాబట్టి బావ పేర్లు రాసిన ముక్కల మీద ప్రయత్నాలు చేయొద్దు. పనికిరాని ముక్క ఒకటి తీసుకొని దాని మీద సరిగ్గా పడేదాకా చూసుకో.

కూటానికి నేను రాను. నన్ను పిలవలేదనుకో.

వందన

*

రాచర్ల,
ఆగస్టు 25. ఆదివారం

బుడ్డమ్మీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివినాను. మందుల చీటీ మాదిరి ఉంది, బాగున్నావా అనే మాట ఒక్కటి లేదు. అయినా చెప్పినట్టే చేసినాను.

ఆటోలో గిద్దలూరు పోయినాను. సూదులు అడిగితే అంగడి అబ్బి నా మొహం చూసి, "ఏం కుడతావు పెద్దమ్మా, చెప్పులా?" అన్నాడు. "బైబిలుకు చొక్కా కుడతాను నాయనా" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వినారు, వాడు మాత్రం నవ్వకుండా మంచి సూదులు ఏరి ఇచ్చినాడు. దారం కూడా నువ్వు చెప్పిందే తెచ్చినాను.

పనికిరాని ముక్క ఒకటి దొరికింది, దాని మీద చూస్తున్నాను. ఒక్క పొర మీద కుట్టు ఇప్పుడు చక్కగా పడుతుంది. సంతోషపడినాను. మూల దగ్గరికి పోతే మళ్లీ అదే కథ. నాలుగు కుట్లకు మూడు ఎగిరిపోతాయి. విప్పడం, కుట్టడం, విప్పడం. ఆ ముక్క ఇప్పటికే జల్లెడ మాదిరి అయింది.

పిలవలేదనుకో అని రాసినావు. ఎట్ల అనుకోమంటావు? కట్టుకున్నది రాకపోతే వచ్చినవాళ్లు నన్నే కదా అడిగేది. రోజీ అప్పుడే మొదలుపెట్టింది, "నీ కోడలు ఇంగో పెళ్లి సేసుకునిందంట కదా పెద్దమ్మా" అని. "సేసుకుంటే నీకు పిలుపు వస్తాదిలే" అన్నాను.

మాత్రల సంగతి నేను ఎత్తడం లేదు. ఎత్తకూడదని మోకాళ్ల మీద ఉండి అనుకున్నాను. నువ్వు ధైర్యంగా రావచ్చు.

మూలల దగ్గర ఏం చేయాలో రాయి. యాభై అయిదు రోజులే ఉన్నాయి.

చూపు సరిగా ఆనని నీ అత్త,
సుశీలమ్మ

*

హైదరాబాదు,
సెప్టెంబరు 3

అత్తకు,

"ఎత్తడం లేదు" అని రాయడమే ఎత్తడం. నన్ను ధైర్యంగా రమ్మంటున్నావు. నేను భయపడాల్సిన పని ఏం చేసినాను?

మూలల సంగతి. రెక్సిన్ జిగట. సూది పైకి లేచేటప్పుడు దాన్ని కూడా పట్టుకొని లేస్తుంది. అప్పుడు కింద దారం మెలిక నిలబడదు, షటిల్ ఖాళీగా తిరిగి పోతుంది. లేవకుండా గట్టిగా నొక్కి పెట్టాలి. గుడ్డను నొక్కి పట్టే ఫుట్ పైన ఉండే స్క్రూ రెండు చుట్లు బిగించు. మామూలు ఫుట్ తీసేసి బావ వాడే చక్రాల ఫుట్ పెట్టు. చిన్న ఇనప చక్రాలుంటాయి, రెక్సిన్ మీద అంటుకోకుండా జరుగుతుంది. మందం దగ్గర సుత్తితో మెల్లగా కొట్టి అణచు. అక్కడ మోటారు వాడొద్దు, చేత్తో చక్రం తిప్పుతూ ఒక్కొక్క కుట్టు వేసుకో. సూది పైదాకా ఎక్కిందో లేదో కూడా చూసుకో. మిషన్‌కు మిషన్ నూనె తప్ప ఇంకేమీ వేయొద్దు.

నేను రాకపోవడానికి కారణం నీకు తెలియదా? ఆ కూటంలో నిలబడి మాట్లాడేది సంజీవరావు అయ్యగారే కదా. బావ జ్వరంతో కాలిపోతుంటే ఆసుపత్రి వద్దు, మూడు రోజులు ప్రార్థన నూనె రాయమని చెప్పిన మనిషి. ఆయన బైబిల్ తెరిచి బావ గురించి ఆదరణ మాటలు చెబుతుంటే నేను కింద కూచొని వినాలా? అప్పటినుంచి నేను ఏ గుడి గడపా తొక్కలేదు. హాస్టల్లో పిల్లలు ఆదివారం పోదాం రమ్మంటారు. తలుపేసుకొని పడుకుంటాను.

వందన

*

రాచర్ల,
సెప్టెంబరు 12

వందనకు,

చక్రాల ఫుట్ పెట్టుకోమని సులభంగా రాసినావు. అది ఇక్కడ ఉంటే కదా పెట్టుకునేది. మిషన్ సొరుగు, అట్టపెట్టె, మంచం కింద, రేకుల సందు, అన్నీ వెతికినాను. లేదు. నువ్వు పోయే రోజు వాడి సామాను సర్దింది నువ్వే. బ్యాగుల కంపెనీలో పనికొస్తుందని తీసుకుపోయి ఉంటావు. తీసుకుపో, అది నీ మొగుడిదే. కానీ నా దగ్గర లేనిది నన్నే పెట్టుకోమని రాయడం ఏంది? ఏడిపించడానికా?

పోయిందేదో పోయింది, మిషన్ కూడా ముందు మాదిరి లేదు. చక్రం చేత్తో తిప్పితే బిగపట్టుకొని తిరుగుతుంది. నువ్వు పోయే ముందు దానికేం చేసి పోయినావో నాకు తెలియదు. నూనె కొరత మాత్రం లేదు, ప్రతి ఆదివారం నా చేత్తో నేనే వేస్తున్నాను. వాడి మిషన్‌ను ఒక్క వారం కూడా ఎండబెట్టలేదు.

సుత్తితో కొట్టినాను, చేత్తో తిప్పినాను. పదిలో మూడు కవర్లు ఒంకర టింకరగా అయినాయి. మిగతా ఏడు ముట్టుకోవడానికి భయంగా ఉంది. ఇవి పాడైతే మళ్లీ కోసి ఇవ్వడానికి వాడు రాడు.

అయ్యగారి మీద మాత్రం మాటలు రాయొద్దు. ఆయన సంగతి నీకు తెలియదు. ఆయన జోలి వదిలిపెట్టు, నీకు పుణ్యం ఉంటుంది.

సుశీలమ్మ

*

హైదరాబాదు,
సెప్టెంబరు 21

అత్తకు,

నేను ఆ ఇంట్లోంచి తెచ్చుకున్నవి రెండు చీరలు, మా పెళ్లి ఫోటో. అంతే. మిషన్‌కు నేనేదో చేసినానని రాసినావు. ఆ మిషన్ మీద బావా నేనూ మూడేళ్లు పక్కపక్కన కూచొని బతికినాం. దానికి చెడు చేయడానికి నాకు చేతులెట్ల వస్తాయి?

చక్రాల ఫుట్ ఎక్కడుందో చెప్తాను. పని అయిపోగానే బావ దాన్ని విప్పి ఖాకీ చొక్కా జేబులో వేసుకునేవాడు. "ఇది పోతే మళ్లీ ఒంగోలు పోవాల" అనేవాడు. ఆ గురువారం ఆటో ఎక్కించేటప్పుడు కొక్కేనికి ఉన్న ఆ చొక్కానే నేను తొడిగినాను. జేబులో బరువుగా చేతికి తగిలింది. తీసేంత తీరిక లేదు. తర్వాత ఆసుపత్రివాళ్లు విప్పి ఇచ్చిన బట్టల సంచి నువ్వు ఎవరినీ ముట్టనివ్వలేదు. అందులో చూసుకో.

ఇప్పుడు మాత్రల సంగతి నేనే ఎత్తుతాను. ఆదివారం జ్వరం వచ్చింది. సోమవారం సాయంత్రానికి ఎముకలు విరుగుతున్నాయని ఏడ్చినాడు. గిద్దలూరు పోదామంటే నువ్వు పోనివ్వలేదు. మందుల షాపులో ఒళ్లునొప్పులని అడిగి రెండు మాత్రలు తెచ్చి వేసినాను. అది డెంగ్యూ అని నాకు తెలియదు, అందులో ఆ మాత్ర వేయకూడదని తెలియదు. మంగళవారం అయ్యగారు వచ్చినాడు, నూనె అన్నాడు. బుధవారం ఒళ్లు చల్లబడితే నువ్వు నన్ను చూసి నవ్వినావు. గురువారం తెల్లారి చిగుళ్ల నుంచి రక్తం. మార్కాపురంలో డాక్టరు "ఈ మాత్రలు ఎవరిచ్చినారు?" అని అడిగితే చేయెత్తింది నేనే. ఒంగోలుకు తీసుకుపోతుంటే బావ పొదిలి దాటలేదు.

ఇంకా మట్టి కూడా వేయలేదు. సమాధుల దగ్గర అందరి ముందు నువ్వు నా వైపు వేలు పెట్టి చూపించి, "ఇదే నా కొడుక్కి మాత్రలేసి సంపింది" అన్నావు. అత్తా, ఏడాదిగా తలనొప్పికి కూడా నేను మాత్ర వేసుకోలేదు. చేతిలోకి తీసుకున్నా మళ్లీ కింద పెట్టేస్తాను. పక్క మంచం పిల్లకు జ్వరం వస్తే నన్ను మాత్ర ఇమ్మని అడిగింది, నేను బయటికి పరుగెత్తినాను.

నిజంగా నా మాత్రలే చంపినాయేమో. రోజూ అదే ఆలోచన. నీ కవర్ల సంగతి ఇక నన్ను అడగొద్దు. ఉత్తరం రాయొద్దు.

వందన

*

రాచర్ల,
సెప్టెంబరు 30

బుడ్డమ్మీ,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటీ చదువు. చించేసేది ఉంటే చదివినాక చించు.

సంచి విప్పినాను. ఏడాదిగా ట్రంకుపెట్టె అడుగున ఉంది. ముడి బిగిసిపోయి ఉంటే పళ్లతో లాగినాను. ఖాకీ చొక్కా ఉంది. కాలర్ మీద నల్లగా ఎండి ఉంది. దాని సంగతి రాయలేను. జేబులో చక్రాల ఫుట్ ఉంది, నువ్వు చెప్పినట్టే. నువ్వు దొంగిలించినావని రాసిన చేతులు ఇవే. అదే జేబులో ఇంకొకటి కూడా ఉంది. ప్రార్థన నూనె సీసా. ఆటోలో నువ్వు చూడకుండా అందులో పెట్టింది నేనే.

ఫుట్ బిగించినాను. అయినా కుట్టు పడలేదు. అప్పుడు గిద్దలూరు నుంచి మిషన్లు బాగుచేసే మస్తానయ్యను పిలిపించినాను. కిందికి వంచి షటిల్ విప్పి చూసి, "ఏందక్కా ఇది, మిషనా దోసె పెనమా?" అన్నాడు. లోపలంతా పసుప్పచ్చగా బంక. వేలు పెట్టి వాసన చూసినాడు. "కొబ్బరి నూనె. ఎవురు పోసినారు?"

"మా కోడలు పోసింటాది" అన్నాను.

బుడ్డమ్మీ, నేను ఆలోచించి అనలేదు. నోటికి అదే వచ్చింది. ఏడాదిగా నా నోటికి అదొక్కటే వస్తుంది.

మస్తానయ్య గుడ్డతో వేలు తుడుచుకుంటా, "ఆ పాప పోయి ఏడాది గదక్కా. ఇది పైన ఇంకా తడిగా ఉండాది. నిన్న మొన్న పోసిందే" అన్నాడు. నా మొహం చూసినాడు. తల వంచుకొని కిరసనాయిలుతో కడగడం మొదలుపెట్టినాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అది ప్రార్థన నూనె. ప్రతి ఆదివారం గుడి నుంచి వచ్చి, వాడి పని చేసిన వస్తువు కదా అని, చక్రానికి రాసి లోపల కూడా నాలుగు చుక్కలు వేస్తున్నాను. మిషన్ నూనె కన్నా ఇది మంచిదనుకున్నాను. దేవునికి మొక్కిన నూనె పాడు చేస్తుందని ఎందుకనుకుంటాను? మిషన్ నూనె తప్ప ఏమీ వేయొద్దని నువ్వు రాసిన మాట చదివి కూడా, ఇది వేరే కదా అనుకున్నాను. షటిల్ బంక పట్టి వెనకబడి తిరుగుతుందంట. అందుకే సూదికి అందక కుట్లు ఎగిరిపోయినాయి. సూది మంచిదే, దారం మంచిదే. నువ్వు చెప్పినవన్నీ సరైనవే. పాడు చేసింది నేను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

మంగళవారం ప్రార్థన అయినాక అయ్యగారు నన్ను వాకిట్లోకి పిలిచినాడు. నువ్వు లోపల వాడి కాళ్లు ఒత్తుతున్నావు. ఆయన నాతో అన్న మాట ఇది: "సుశీలమ్మా, ప్రార్థన నేను జేస్తా. నువ్వు ఆటో పిలువు. ఇయ్యాలే గిద్దలూరు పోయి రక్తం సూపీండి. ఆలస్యం సేయొద్దు."

ఆయన అన్నది అదే. మూడు రోజులు నూనె రాయమని ఆయన అనలేదు. ఆసుపత్రి వద్దనలేదు.

లోపలికి వచ్చి నీకు వేరే చెప్పినాను. "అయ్యగారు మూడు రోజులు నూనె రాయమన్నారు" అని చెప్పినాను. ఎందుకు చెప్పినానో ఏడాదిగా నన్ను నేను అడుగుతున్నాను. ఆ పొద్దున నువ్వు యల్లమ్మ ముందర, "నీ నూనెతో నీ కొడుకు లేస్తాడా అత్తా?" అన్నావు. అది నాకు గుచ్చుకుంది. నేను పెంచిన పిల్ల నాకు చెప్పేదా అనుకున్నాను. ఒక్క రాత్రి ఓపిక పడితే తెల్లారేసరికి జ్వరం దిగుతుంది, అప్పుడు నీ మొహం చూడాలనుకున్నాను. దిగింది కదా బుధవారం! ఒళ్లు చల్లగా అయింది. నవ్వినాను, అవును, నవ్వినాను. ఆ జ్వరం దిగినప్పుడే అసలు ప్రమాదమని మార్కాపురంలో డాక్టరు చెప్పినాడు. ఆయన ఇంకొకటి కూడా చెప్పినాడు. నువ్వు మందుల కోసం కౌంటరు దగ్గర ఉన్నావు. "మాత్రల సంగతి అట్లుంచండి, మంగళవారమే తెచ్చి ఉంటే చూసుకునేవాళ్లం" అన్నాడు. విన్నది నేనొక్కదాన్నే.

ఆ మాట దాచినాను. నీ మాత్రల మాట పట్టుకున్నాను. సమాధి దగ్గర నీ మీదికి వేలెత్తకపోతే, ఎవరో ఒకరు మంగళవారం ఏం జరిగిందని అడుగుతారని భయం వేసింది. ముందు నేనే అరిచినాను.

నీ చేతులకేం తప్పు లేదు. తలనొప్పి వస్తే మాత్ర వేసుకో తల్లీ.

కూటంలో అందరి ముందు ఇదే చెప్తాను. నువ్వు వస్తే విను. రాకపోయినా చెప్తాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు, అడగడం లేదు.

సుశీలమ్మ

*

రాచర్ల,
అక్టోబరు 20, 2024. ఆదివారం

బుడ్డమ్మీ,

నిన్న కూటం అయిపోయింది. నువ్వు రాలేదు. వస్తావని గడపలో ఒక కుర్చీ వేసి ఉంచినాను. రోజీ వచ్చి కూచోబోతే, "అది కాదు, ఇట్లరా" అని లేపినాను.

శుక్రవారం పోస్టులో నీ పార్శిల్ వచ్చింది. పది సూదులు, ఒక నైలాన్ దారపు ఉండ. కాగితం ఏమైనా ఉందేమోనని డబ్బా లోపల కూడా చూసినాను. లేదు. లేకపోతే లేదులే. నీ చేత్తో రాసిన అడ్రసు ఉంది కదా. రాత్రికి కూచొని ఆ సూదులతోనే చివరి రెండు కవర్లు పూర్తి చేసినాను. మస్తానయ్య కడిగి సరిచేసినాక మిషన్ ఎట్ల నడుస్తుందో నీకు చూపించాలి. మూలల మీద కూడా కుట్లు వరుసగా పడినాయి. ఒక్కటి ఎగరలేదు.

కూటం సంగతి చెప్తాను. పాటలు అయినాక సాక్ష్యం చెప్తానని లేచినాను. అందరూ కొడుకు గురించి రెండు మంచి మాటలు చెప్తుందనుకున్నారు. నీకు రాసిందే చెప్పినాను. ఏదీ వదల్లేదు. మధ్యలో మగ్దలీనమ్మ నీళ్లిచ్చింది. తాగి మళ్లీ చెప్పినాను. అయిపోయినాక ఎవరూ ఆమెన్ అనలేదు.

అయ్యగారు బైబిల్ మూసి పెట్టినాడు. తర్వాత, "మీ కోడలు నన్ను సూసి మొహం తిప్పుకుంటా ఉంటే, దుఃఖంలో ఉందిలే అనుకున్యా. నా పేరు మీద అబద్ధం జెప్పినావా సుశీలమ్మా" అన్నాడు. కోపంగా కాదు. చిన్న ప్రార్థన చేసినాడు, వెస్లీకి, నీకు. నా పేరు ఎత్తలేదు. అన్నం తినకుండా బండి ఎక్కి పోయినాడు.

మీ నాయన విస్తరి ముందు నుంచి లేచినాడు. "అక్కా, నా బిడ్డ ఏడాదిగా నాతో కూడా సరిగ్గా మాట్లాడలా. నేను దానిదే తప్పనుకొని అడగలా" అన్నాడు. గోడవైపు తిరిగి నిలబడినాడు. చిన్నప్పుడు నేను కొడితే కూడా వాడు అట్లనే గోడవైపు తిరిగేవాడు.

కవర్లు పంచినాను, ముందు ఒంకర పోయిన మూడూ కలిపి. తొమ్మిదిమంది తీసుకున్నారు. రోజీ తీసుకోలేదు. "నీ చేతులతో కుట్టింది నాకొద్దు పెద్దమ్మా" అని అరుగు మీద పెట్టి పోయింది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. వెస్లీ రాసిన పేరు దానిది కదా, అడిగినప్పుడు ఇస్తానని దాచినాను. వండిన అన్నం సగం మిగిలింది. యల్లమ్మ మేకలు తిన్నాయి.

ఇంక ఒకటి మిగిలింది. అది కూడా చెప్తే నా దగ్గర దాచినవేమీ ఉండవు.

అట్టపెట్టెలో ముక్కలు పది కాదు, పదకొండు. పదకొండో దాని వెనకాల వాడు నీ పేరు రాసినాడు. మిగతావాళ్లవి ఒట్టి పేర్లు, నీ పేరు కింద మాత్రం చిన్న మునగాకు బొమ్మ వేసినాడు. ఆగస్టులో నువ్వు పనికిరాని ముక్క ఒకటి తీసుకొని దాని మీద చూసుకొమ్మని రాసినప్పుడు, నేను తీసుకున్నది అదే. కావాలనే తీసుకున్నాను. నా దగ్గర వేరే పాత రెక్సిన్ ఉంది, అయినా దాన్నే తీసుకున్నాను. దాని మీద కుట్టినాను, విప్పినాను, కుట్టినాను, విప్పినాను. రెండు నెలలు.

నిన్న అందరూ పోయినాక అది ముందర పెట్టుకొని కూచున్నాను. నువ్వు చెప్పిందే నిజం, రెక్సిన్ చిల్లులు మూసుకోవు. రుద్దినాను, వేడి గుడ్డ వేసినాను, పోలేదు. పారేద్దామా అనుకున్నాను. వాడు నీ కోసం కోసింది, పారేయడానికి నేనెవరిని? అందుకని జిప్పు వేసి కుట్టేసినాను. కొత్త కుట్టు గట్టిది, లాగి చూడు, రాదు. పక్కనే పాత చిల్లులు వరుసగా కనబడతాయి. వాటి మీద పట్టీ వేసి కప్పలేదు. సుద్దతో రాసిన పేరు, ఆకు బొమ్మ లోపల అట్లనే ఉన్నాయి, వాటి మీద చేయి తగలనివ్వలేదు.

ఈ ఉత్తరంతో పాటు పంపిస్తున్నాను. బైబిల్ పెట్టుకోవాలని లేదు. డబ్బులు పెట్టుకో, కంపెనీ కార్డు పెట్టుకో, లేకపోతే మూలన పడెయ్యి. నువ్వు రాసేదాకా నేను మళ్లీ రాయను. రాయకపోయినా నీది తప్పు కాదు.

మునగచెట్టు కాపు పట్టింది. హాస్టల్లో ఏం పెడతారో ఏమో, చిక్కిపోయినావని మీ నాయన అన్నాడు. వేళకు కడుపునిండా అన్నం తిను.

సుశీలమ్మ